నగరవనం

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల కొండలు. వాటి నడుమ నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు వెలిశాయి. అడవి చేరువలో ఉన్నంత మాత్రాన పట్టణవీధిలోని బాటసారికి నీడ లభించదు. ఈ కొరతను తీర్చడానికే 2020లో కేంద్ర ప్రభుత్వం నగరవన పథకాన్ని ప్రారంభించింది.

అయితే మొక్క నాటినంతనే వనం కాదు. నంద్యాలలో 1906 నుండి వ్యవసాయ పరిశోధన సాగుతున్నది. నల్లరేగడిలో ఏ మొక్క నిలుస్తుందో అటువంటి శాస్త్రజ్ఞులు చెప్పాలి. వేప, కానుగ వంటి దేశీయ వృక్షాలను అటవీ అధికారులు పెంచి ఇవ్వాలి. విద్యుత్తు తీగలు అడ్డురాని తావును ఇంజనీర్లు చూపాలి. వేసవిలో పురపాలక సంఘం నీరందించాలి. వీరిలో ఒక్కరు ఏమరినా మొక్క ఎండిపోతుంది. లేదా పెరిగిన చెట్టు గొడ్డలి పాలవుతుంది.

ఆళ్లగడ్డ శిల్పి చేతిలో శిల కొన్నాళ్లకే విగ్రహమవుతుంది. చెట్టుకు మాత్రం ఒక తరం ఓర్పు కావాలి. విద్యార్థులారా! ఆ ఓర్పు మీ వంతు.