కొలత వేరు, తీర్పు వేరు

బైబిలు పాఠము
చదువవలసిన భాగములు: 1 సమూయేలు 16:1-13, సంఖ్యాకాండము 13:25-33, యోహాను 9:1-3



మైలవరము చుట్టునున్న మన పల్లెలలో ఒక బిడ్డ తోటివారితో సమానముగా చదువలేకపోయినయెడల వానికి వెంటనే ఒక పేరు దొరకును. ఆ పేరు మొద్దు. అది మొదట బడిలో పుట్టును; తరువాత వీధిలోనికి వచ్చును; కడకు కన్నతల్లి నోటనే వినబడును. కొందరు కొట్టి చదివింపజూతురు. కొందరు దయ్యము పట్టినదని తాయెత్తు కట్టింతురు. సంఘస్థులలోను అట్టివారు లేకపోలేదు. మరికొందరు ఇది తమ పాపమునకు శిక్ష అని యెంచి, సిగ్గుపడి, బిడ్డను ఆరాధనకు సహితము తీసికొనిరాక ఇంటనే దాచుదురు. ఇట్లు ఏండ్లు గడచిపోవును. సహాయము అందవలసిన వయస్సు దాటిపోవును. కాబట్టి ఈ మాసము ఈ సంగతిని గూర్చి వాక్యపు వెలుగులో ఆలోచింతము.

1. లెక్కకు రాని కుమారుడు

సమూయేలు గొప్ప ప్రవక్త. అయినను యెష్షయి ఇంట ఏలీయాబు రూపమును, ఎత్తును చూచి ఇతడే రాజు కాదగినవాడని తలంచెను. దేవుడు అతనిని ఆపి, మనుష్యులు పైరూపమును చూతురుగాని తాను హృదయమును చూతునని తెలియజేసెను. ఏడుగురు కుమారులు వరుసగా ప్రవక్త యెదుట నడిచిరి. ఎనిమిదవవాడు గొఱ్ఱెలయొద్ద ఉండిపోయెను. వానిని పిలువవలెనని తండ్రికే తోచలేదు. ప్రవక్త చూపు తప్పెను, తండ్రి లెక్క తప్పెను. అట్లయిన మన చూపు తప్పదని ఎట్లు చెప్పగలము?

2. బుద్ధి పరీక్ష ఎందుకు పుట్టెను?

బుద్ధిని కొలుచు పరీక్షలు ఉన్నవని మీలో కొందరు వినియుందురు. అవి పిల్లలను వెలివేయుటకు పుట్టినవి కావు. బడిలో వెనుకబడిన పిల్లల సంగతి విచారించుటకు 1904లో ఫ్రాన్సు ప్రభుత్వము కొందరిని నియమించెను. వారిలో ఒకడైన ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సైమన్ అను వైద్యునితో కలసి, 1905లో 30 అంశముల పరీక్షను సిద్ధపరచెను. అది సుళువైన పనులతో మొదలై క్రమముగా కష్టమగుచుండును. ఏ బిడ్డకు ప్రత్యేకమైన బోధన కావలెనో తెలిసికొనుటయే దాని ఉద్దేశము. ఒకని బుద్ధి పుట్టినంతే, ఇక పెరుగదు అని వాదించువారిని బినే 1909లో గట్టిగా ఖండించెను.

1912లో జర్మనీ దేశస్థుడైన విలియం స్టెర్న్ ఒక లెక్క చెప్పెను. పదియేండ్ల బిడ్డ ఎనిమిదేండ్ల బిడ్డ చేయగల పనులు మాత్రమే చేసినయెడల, 8ని 10తో భాగించి, తరువాతివారు చేర్చినట్లు 100తో హెచ్చింపగా 80 వచ్చును. దీనినే ప్రజ్ఞాలబ్ధి అందురు. నేటి పరీక్షలలో ఈ భాగహారము లేదు. బిడ్డను అదే వయస్సు పిల్లలతో పోల్చి, సగటును 100గా పెట్టుకొందురు. నూటికి సుమారు 68 మంది 85కును 115కును నడుమ నుందురు.

మన దేశములో ఇట్టి పరీక్షను మొదట సిద్ధపరచినవారిలో ఒకరు లాహోరులోని ఫోర్మన్ క్రైస్తవ కళాశాలకు చెందిన హెర్బర్ట్ రైస్ గారు. ఆయన 1922లో ఆ పని చేసెను. తరువాత వి. వి. కామత్ గారు మరాఠీ, కన్నడ పిల్లలకు తగినట్లు పరీక్షను మార్చి, 1940లో దానిని గూర్చి గ్రంథము ప్రచురించెను. భాష మార్చుట ఎందుకు? బిడ్డకు తెలియని భాషలో అడిగినయెడల, తెలియనిది భాషయో బుద్ధియో ఎవరు చెప్పగలరు? అమెరికాలో 1910 తరువాతి యేండ్లలో ఈ జాగ్రత్త లేకపోయెను. ఓడ దిగిన బీద వలసదారులకు పరీక్షలు పెట్టి, అనేకులను మందబుద్ధులని ముద్రవేసిరి. సహాయము కొరకు పుట్టిన కొలత అక్కడ తీర్పుగా మారెను.

3. మామిడిపండ్లును, మట్టియు

మన ప్రాంతపు మామిడికాయలు నున్న మార్కెట్టుకు చేరినప్పుడు వాటిని ఏరి, పెద్దవి ఒక ప్రక్కను, మచ్చలున్నవి ఒక ప్రక్కను పోయుదురు. అది ధర కట్టుటకు. భూసార పరీక్ష అట్టిది కాదు. మన్ను పరీక్షకు పంపిన రైతు, భాస్వరము తక్కువ అని చీటీ వచ్చినంత మాత్రమున చేను బీడు పెట్టడు. ఏ ఎరువు ఎంత వేయవలెనో అప్పుడు తెలిసికొనును. బిడ్డకు చేయు పరీక్ష మన్ను పరీక్ష వంటిదిగా ఉండవలెను గాని కాయలు ఏరుట వంటిదిగా ఉండరాదు. బిడ్డ ధర క్రీస్తు సిలువయొద్దనే కట్టబడినది. ఏ చీటీయు దానిని తగ్గింపలేదు.

4. మిడతలమనుకొనినవారు

పండ్రెండుగురు వేగులవారు ఒకే దేశమును చూచిరి. అనాకీయులను చూచి పదిమంది తమ్మును తాము మిడతలతో పోల్చుకొనిరి. వారి కాళ్లు ముందుకు సాగలేదు. యెహోషువ, కాలేబులు అదే దేశమును చూచి, వెళ్లగలమనిరి. మనుష్యుని నడతకు అతడు చూచినది మాత్రమే కాదు, దానిని గూర్చియు తన్ను గూర్చియు అతడు తలంచినదియు కారణము. అమెరికా వైద్యుడైన ఆరన్ బెక్ కూడ 1960 తరువాతి యేండ్లలో, కృంగినవారి మనస్సులో తమంతట తామే లేచు తలంపులను పరీక్షించి, వాటిని సరిదిద్దు వైద్యమును నిర్మించెను.

దినమునకు పదిసార్లు మొద్దు అని పిలువబడిన బిడ్డ, తాను మిడతనని నమ్మును. నమ్మినవాడు ప్రయత్నము మానును. అప్పుడు మనము, చూచితిరా, మేము చెప్పినది నిజమే అందుము. ఈ పాపము ఎవరిది?

5. మనము చేయవలసినది

మొదట, శిష్యులు పుట్టుగ్రుడ్డివానిని చూచి అడిగిన ప్రశ్నను విడిచిపెట్టుదము. ఎవడు పాపము చేసెనని వారు అడుగగా, ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను. తల్లిదండ్రులారా, మీరు దాచుకొనవలసిన సిగ్గు ఏదియు లేదు.

రెండవది, బిడ్డ కన్నులును చెవులును పరీక్ష చేయించుడి. నల్లబల్ల కనబడని బిడ్డను మొద్దు అనుట అన్యాయము. అంగన్‌వాడీలలోను ప్రభుత్వ బడులలోను బిడ్డలను పరీక్షించు ఆరోగ్య పథకము 2013 నుండి దేశమంతట ఉన్నది. ప్రత్యేక అవసరములు గల పిల్లల కొరకు మన రాష్ట్రమున భవిత కేంద్రములు కలవు. 1984లో సికింద్రాబాదులో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గలవారికి పరీక్షయు శిక్షణయు ఇచ్చుచున్నది.

మూడవది, అక్షరములు మాత్రమే పట్టుబడని బిడ్డను బుద్ధిలేనివాడని యెంచవద్దు. అభ్యసన వైకల్యము అనునది వేరొకటి. మంచి తెలివిగల పిల్లలలోను అది ఉండును. 2016 నాటి చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఇదియు ఒకటి. నూటికి 40కి తక్కువ కాని వైకల్యము ధ్రువీకరింపబడిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితముగా చదువుకొను హక్కును ఆ చట్టము ఇచ్చినది.

నాలుగవది, సండే స్కూలు ఉపాధ్యాయులారా, వచనము అప్పజెప్పలేని బిడ్డకు బహుమానము లేదని పంపివేయకుడి. పాట పాడుట, చాప పరచుట, దీపము వెలిగించుట, ఏదో ఒక పని వాని చేతికి ఇయ్యుడి.

ప్రార్థన మానవలెనని మేము చెప్పుట లేదు. ప్రార్థించి పరీక్షకు తీసికొనిపొండి. పరీక్ష చేయించి ప్రార్థించుడి.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘములో పిలువబడక పొలమునందే ఉండిపోయిన ఎనిమిదవవాడు ఎవడు?
2. మన నోట వచ్చిన ఏ పేరు ఒక బిడ్డను మిడతగా చేసెను?
3. ఆ బిడ్డ తల్లిదండ్రులతో ఆసుపత్రికో కేంద్రమునకో తోడు వెళ్లగలవారు మనలో ఎవరు?

హృదయమును చూచు దేవుడు మనకు తన చూపును దయచేయును గాక. ఆమేన్.