వ్రాతమూలక సమస్యా పరిశీలనము: దాని తయారీ, నివేదన

నగరములలో కన్సల్టింగు సంస్థలని పిలువబడు సలహా సంస్థలు కలవు. పరిశ్రమలు, బ్యాంకులు, ఒక్కొక్కప్పుడు ప్రభుత్వ శాఖలు సయితము తమకు తెగని సమస్యలను ఈ సంస్థల ముందుంచి, రుసుము చెల్లించి సలహా పొందుచుండును. ఇందలి ఉద్యోగములకు మన గ్రామముల నుండి చదువుకొని వెళ్లిన యువతీ యువకులు కూడ నేడు పోటీ పడుచున్నారు. అభ్యర్థులను ఎన్నుకొనునపుడు కొన్ని సంస్థలు నోటి ప్రశ్నలతో తృప్తి చెందవు. ఒక కాగితముల కట్టను చేతికిచ్చి, గంట లేక రెండు గంటల గడువు పెట్టి, "ఈ సంస్థ ఏమి చేయవలెనో వ్రాసి, మాకు నివేదింపుడు" అని కోరును. దీనినే వ్రాతమూలక కేస్ స్టడీ అందురు.

పంచాయతీ సభ్యులకు దీనితో నేమి పని యని అడుగవచ్చును. పని యున్నది. గ్రామ సమస్యను కాగితముపై పెట్టి, నిర్ణయము చేయగల అధికారి ఎదుట నిలిచి, పది నిమిషములలో ఒప్పించవలసిన అవసరము సర్పంచునకును సభ్యులకును తరచుగా కలుగుచుండును. పరీక్షకు కూర్చున్న పట్టభద్రుడు పోగొట్టుకొనునది ఒక ఉద్యోగము మాత్రమే. పంచాయతీ వ్రాసిన కాగితము "పరిశీలించి నివేదింపుడు" అను ఒక పంక్తితో తిరిగి వచ్చినచో ఒక వేసవి గడచిపోవును.

ఈ పద్ధతి పుట్టుక న్యాయశాస్త్ర బోధనలో నున్నది. అమెరికాలోని హార్వర్డు న్యాయ కళాశాలలో 1870లో లాంగ్‌డెల్ అను ఆచార్యుడు సూత్రములను వల్లె వేయించుటకు బదులు జరిగిన వ్యాజ్యములనే విద్యార్థుల ముందుంచి చర్చింపజేసెను. 1908లో నెలకొన్న హార్వర్డు వాణిజ్య విద్యాలయము 1920వ దశకమున ఈ పద్ధతిని వ్యాపార సమస్యలకు అన్వయించెను. మన దేశములో 1961లో స్థాపింపబడిన అహమ్మదాబాదు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ హార్వర్డు సహకారముతో దీనిని ప్రవేశపెట్టెను. అయితే తరగతిలోని చర్చకు తొందర లేదు. పరీక్షలో గడియారము తల మీద నుండును. భేదమంతయు అచ్చటనే కలదు.

ఇక విషయమునకు వత్తము. ఉదాహరణకై ఒక ఊరిని కల్పించుకొందము; దాని అంకెలన్నియు కల్పితములే. ఆ ఊరిలో 600 ఇండ్లు, 2,400 మంది జనాభా. వేసవిలో నీటి ఎద్దడి గలదు. పంచాయతీ క్రొత్త బోరు కావలెనని తీర్మానించినది. కాగితముల కట్టలో ఆ తీర్మానము, మోటారు నడిచిన గంటల పుస్తకము, విద్యుత్ బిల్లులు, గొట్టముల చిత్తు పటము, ఊరి చివరి కాలనీవారి అర్జీ, బోరుకు మరమ్మతులకు అంచనాలు, వీటితోపాటు బడి ప్రహరీగోడను గూర్చిన పాత ఉత్తర ప్రత్యుత్తరములు కూడ ఉన్నవి. ఈ చివరి కాగితములు పొరపాటున వచ్చినవి కావు. పనికిరాని దానిని విడిచిపెట్టగలడా లేదా అని చూచుటకే పరీక్షకులు ఇట్టివి చేర్చుదురు. మన కార్యాలయపు ఫైళ్లలో నైతే ఇవి ఎవరును చేర్చకయే చేరియుండును!

మొదట చదువవలసినది ప్రశ్నను. ఇది అందరికిని తెలిసిన మాటయే గాని పాటించువారు తక్కువ. "క్రొత్త బోరు ఎక్కడ వేయవలెను?" అనునది ఒక ప్రశ్న, "ప్రతి యింటికిని తగినంత నీరు అందుటకు ఏమి చేయవలెను?" అనునది వేరొక ప్రశ్న. తీర్మానము మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. అర్జీ పెట్టుకొన్నవారు అడుగుచున్నది రెండవదానిని.

రెండు గంటల గడువున్నచో ప్రశ్నకు పది నిమిషములు, కాగితములకు నలుబది, లెక్కకు ముప్పది, వ్రాతకు ముప్పది, సరిచూచుకొనుటకు చివరి పది చొప్పున కేటాయించుకొనుట మంచిది. మొదటి నుండి చివరి వరకు వరుసగా చదువుచు పోవువానికి లెక్క చేయుటకు సమయము మిగులదు. పట్టికలను ముందు చూచి, వాటిలోని అంకెలకు అర్థము తెలియని చోటనే వివరణ చదువవలెను.

ఇప్పుడు లెక్క. 2019 ఆగష్టు 15న ప్రకటింపబడిన జల జీవన్ మిషన్ ప్రకారము పల్లెలో మనిషికి దినమునకు 55 లీటర్లు అందవలెను. 2,400 మందికి 1,32,000 లీటర్లు కావలెను. మోటారు గంటకు 12,000 లీటర్లు తోడుచు, దినమునకు 11 గంటలు నడచుచున్నది. అనగా తోడుచున్నదియు 1,32,000 లీటర్లే. లెక్క సరిపోయినది, నీరు మాత్రము సరిపోలేదు! ఇచ్చటనే కలము ఆపి ఆలోచింపవలెను. బకెట్టు నిండు కాలమును బట్టి ఇంటింటికి అందిన నీటిని కొలిచిన చీటీ ఒకటి కట్టలో నున్నది. కాలనీలోని 480 మందికి మనిషికి 20 లీటర్ల చొప్పున 9,600 లీటర్లు, తక్కిన 1,920 మందికి 50 లీటర్ల చొప్పున 96,000 లీటర్లు అందుచున్నవి. మొత్తము 1,05,600. మిగిలిన 26,400 లీటర్లు, అనగా తోడిన నీటిలో అయిదవ వంతు, దారిలోనే పోవుచున్నది.

కావున ఊరికి రెండు జబ్బులున్నవి: గొట్టముల కారుడు, పంపకములోని అసమానత. క్రొత్త బోరు ఈ రెండింటిలో దేనికిని మందు కాదు. అదనముగ తోడిన నీటిలోను అయిదవ వంతు అదే దారిని పోవును. కాలనీ గొట్టము చివరనే యుండును.

అట్లని మరమ్మతుతో అంతయు తీరునని చెప్పుటయు పొరపాటే. భూమిలోని గొట్టముల కారుడును పూర్తిగా ఆపగలవారు లేరు. సగము ఆగినదనుకొందము. పంపిన నీటిలో పదవ వంతు అప్పటికిని పోవును. మోటారును 11 గంటలకు బదులు పన్నెండుంబావు గంటలు నడిపినచో 1,47,000 లీటర్లు తోడి, 1,32,300 లీటర్లు ఇండ్లకు చేర్చవచ్చును. వీధికొక వాల్వు పెట్టి, గంటలు పంచినచో కాలనీకి కూడ 55 లీటర్లు అందును. వేసవిలో బోరు ఊట గంటకు 9,000 లీటర్లకు పడిపోవునని పుస్తకము చెప్పుచున్నది. అప్పుడు అదే నీటికి మోటారు పదహారు గంటలకు పైగా నడువవలెను. అంతసేపు ఊట నిలుచునా, విద్యుత్తు ఉండునా అనునది సందేహము. క్రొత్త బోరు మాట నిజముగా అవసరమగునది ఇచ్చటనే. అభ్యర్థి తన సలహాను ఇట్లు వ్రాయవచ్చును: "లక్షా యాబది వేల రూపాయలతో కారుళ్లు కట్టి, వాల్వులు పెట్టుట ముందు జరుగవలెను. మరమ్మతు ముగిసిన పిమ్మట వేసవిలో ఊటను ప్రతిదినము వ్రాసి, పదహారు గంటలు నడిపినను నీరు చాలనిచో నాలుగు లక్షల రూపాయల బోరును మంజూరు చేయవలెను." ఇందులో ఏమి చేయవలెనో, ఎంత వ్యయమో, ఎప్పుడు రెండవ మెట్టు ఎక్కవలెనో ఉన్నవి.

ఈ వాక్యము నివేదికలో ఎక్కడ ఉండవలెను? మొట్టమొదట. మన అలవాటు ఇందుకు విరుద్ధము. గ్రామ చరిత్ర, జనాభా, పూర్వపు అర్జీల వివరము, ప్రజల కడగండ్లు వర్ణించి, నాలుగవ పుటలో కోరిక తెలుపుదుము. మెకిన్సీ అను సలహా సంస్థలో 1963లో చేరిన బార్బరా మింటో అను ఆమె ఈ విషయముపై శ్రద్ధ వహించి, వ్రాతకు పిరమిడ్ సూత్రమను పద్ధతిని రూపొందించెను. శిఖరమున సమాధానము, దాని క్రింద దానిని నిలుపు రెండు మూడు కారణములు, ఒక్కొక్క కారణము క్రింద అంకెలు. చదువువాడు మొదటి పంక్తితోనే ఆగిపోయినను మీ సలహా అతనికి తెలిసియే యుండును. సోమవారము నాడు వందల అర్జీలు చూడవలసిన జిల్లా అధికారి విషయములో ఇది ఎంత ఉపకారమో వేరుగా చెప్పనక్కరలేదు.

పుటల శీర్షికలకు కూడ ఇదే నియమము. "నీటి సరఫరా వివరములు" అను శీర్షిక చదువరికి ఏమియు చెప్పదు. "తోడిన నీటిలో అయిదవ వంతు ఇంటికి చేరుట లేదు" అను శీర్షిక చూడగనే విషయము తెలియును. ఒక పుటలో ఒక్క పట్టిక చాలును. నాలుగైదు పుటలకు మించినచో, ఏది ముఖ్యమో వ్రాసినవానికే తెలియలేదని పరీక్షకుడు అనుకొనును. ఆ అనుమానము సాధారణముగ నిజమే.

ఖర్చు చెప్పినప్పుడు పద్దు కూడ చెప్పవలెను. ఉదాహరణకు 15వ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు గ్రామీణ స్థానిక సంస్థల గ్రాంటులలో 60 శాతమును త్రాగునీరు, పారిశుధ్యముల కొరకు ప్రత్యేకించినది. ఏ నిధి నుండి ఏ పనికి వ్రాయుచున్నామో తెలుపని అంచనా కోరికల జాబితాగానే చెలామణి యగును.

నివేదించునపుడు కాగితము చూచి చదువుట తగదు. పుట వారి చేతిలో నున్నది, వారును చదువగలరు. అసలు పరీక్ష తరువాత వచ్చు ప్రశ్నలలో నున్నది. "కారుడు సగము ఆగునని మీకెట్లు తెలియును?" అని అడుగుదురు. తెలియదని ఒప్పుకొనుటలో తప్పు లేదు. తెలిసినట్లు నటించుటలో ఉన్నది. కారుడు పదునైదు శాతము వద్దనే ఆగినచో మనిషికి 52 లీటర్లు వచ్చునని, కాలనీకి నేడు అందుచున్న 20 లీటర్లకు అది రెండున్నర రెట్లని లెక్క చూపినచో ప్రశ్నించినవారే ముందుకు సాగుదురు. ప్రతి ఊహకును ఇట్టి కనిష్ఠపు లెక్క ఒకటి వెంట ఉంచుకొనవలెను.

మరియొక ప్రశ్న తప్పక వచ్చును: "తీర్మానము బోరు కోరినది గదా, మీరు మరమ్మతు అనుచున్నారేమి?" పరీక్షలో నిది అభ్యర్థి ధైర్యమును చూచుటకు. గ్రామములో నిది ఇంకను కష్టము, ఏలయన తీర్మానముపై చేవ్రాలు చేసినవారు ప్రక్కనే కూర్చుండియుందురు. లెక్కను ముందుగా గ్రామసభలో చదివి వినిపించి, కాలనీవారి చేతనే బకెట్టు కొలత వేయించి, తీర్మానమును సవరించుకొని వెళ్లినచో ఈ చిక్కు ఉండదు. ఆ చీటీని, మోటారు పుస్తకమును, గొట్టముల పటమును మూల ప్రతులతో వెంట తీసికొనిపోవలెను. అడిగిన వెంటనే ఏ పుటలో నున్నదో చూపగలిగినట్లు వాటికి వరుస సంఖ్యలు వేసి యుంచవలెను.