బావి గిలాబు కొలత: రైతు స్వయముగా లెక్కకట్టు విధము

పాత కట్టుడు బావికి లోపల గిలాబు చేయించునపుడు కూలిని చదరపుటడుగుల లెక్కన ఇచ్చుట కలదు. కొలత తప్పినచో మీ డబ్బు వృథా యగును. గుండ్రని గోడను కొలుచుట కష్టమని తలచి, ఎదుటివారు చెప్పిన లెక్కనే ఒప్పుకొనవలదు. ఈ లెక్క మీరే కట్టవచ్చును.

సూత్రము

వెదురు తడికను గుండ్రముగా చుట్టి గాదెగా నిలబెట్టుదురు గదా! దానిని విప్పి నేలపై పరచినచో దీర్ఘచతురస్రమగును. దాని పొడవు గాదె చుట్టుకొలత. వెడల్పు గాదె ఎత్తు. బావి గోడయు ఇట్టిదే. కనుక:

ప్రక్కతల వైశాల్యము = చుట్టుకొలత × లోతు

వ్యాసమును 22తో హెచ్చించి 7తో భాగించినచో చుట్టుకొలత వచ్చును.

కొలుచు విధము

1. బావి నడుమగా తాడు పట్టి, గోడ లోపలి అంచునుండి ఎదుటి లోపలి అంచువరకు కొలువుడు. బావులు సరిగా గుండ్రముగా ఉండవు. కనుక అడ్డముగా మరియొకసారి కొలిచి, రెండింటిని కూడి సగము తీసికొనుడు.

2. నీరు తోడించిన పిమ్మట, రాయి కట్టిన తాడుతో లోతు చూడుడు. అడుగున గట్టి రాయి ఉన్నచో గిలాబు అక్కరలేదు. ఆ లోతు తీసివేయుడు.

ఉదాహరణ

ఒక బావి వ్యాసము ఒక వైపున 13 అడుగుల 10 అంగుళములు, మరియొక వైపున 14 అడుగుల 2 అంగుళములు. సగటు 14 అడుగులు. మొత్తము లోతు 30 అడుగులు. అందు క్రింది 12 అడుగులు రాయి.

చుట్టుకొలత: 14 × 22 ÷ 7 = 44 అడుగులు
గిలాబు లోతు: 30 – 12 = 18 అడుగులు
వైశాల్యము: 44 × 18 = 792 చదరపుటడుగులు

అర అంగుళము మందమున పూసినచో, 792ను 24తో భాగింపగా 33 ఘనపుటడుగుల సిమెంటు మాలు కావలెను. అర అంగుళము అనగా అడుగులో 24వ వంతు.

జాగ్రత్త

గోడ మందము అడుగున్నర అయినచో వెలుపలి వ్యాసము 17 అడుగులు. ఆ కొలతతో లెక్కించినచో సుమారు 962 చదరపుటడుగులు వచ్చును. అనగా చేయని పనికి 170 చదరపుటడుగుల కూలి చెల్లింతురు! బేరమునకు ముందే లోపలి కొలతను ఇరువురు కలిసి చూచి వ్రాసికొనుడు.

గోడలో ఊట వచ్చు రంధ్రములను పూడ్చనీయకుడు. అవి చిన్నవి గనుక లెక్కలో తీసివేయనక్కరలేదు.

అభ్యాసము

మూడున్నర అడుగుల వ్యాసము, 6 అడుగుల ఎత్తుగల గుండ్రని ధాన్యపు డబ్బాకు ప్రక్కన మాత్రము రంగు వేయవలెను. ఎన్ని చదరపుటడుగులు? (జవాబు: 66)