మట్టి ఇంటికి ముందు నీళ్ల లెక్క

సమస్య

మాది వేటపాలెం. మావారు హైస్కూల్లో సైన్సు మాస్టారుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యారు. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. ఇప్పుడు ఆయనకు ఒకటే ధ్యాస. అనంతపురం జిల్లాలో రాయదుర్గం దాటాక బొమ్మనహాళ్ వైపు ఐదెకరాల మెట్ట భూమి చౌకగా వస్తోందట. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరం, కరెంటు స్తంభం లేదు, చుట్టుపక్కల ఇల్లన్నది లేదు. అక్కడ సిమెంటు లేకుండా మట్టితో ఇల్లు కట్టుకుని, సోలార్ పలకలు పెట్టుకుని, వాన నీళ్లు పట్టుకుని, ఎవరి మీదా ఆధారపడకుండా మిగతా జీవితం గడుపుదామంటారు. ప్రకృతికి మనం చేసిన అపకారానికి ఇదే ప్రాయశ్చిత్తం అంటారు. అందుకోసం రిటైర్మెంటు డబ్బు వాడి, చాలకపోతే ఇక్కడి ఇల్లు అమ్ముదామని చూస్తున్నారు.

ఆయన మాట నాకు తప్పుగా అనిపించదు. కానీ భయంగా ఉంది. నాకు షుగరు, మోకాళ్ల నొప్పులు. ఇక్కడైతే నాలుగు అడుగుల్లో అక్కాచెల్లెళ్లు, మందుల షాపు ఉన్నాయి. ఆయన రోజూ వెళ్లే సారస్వత నికేతనం లైబ్రరీ కూడా దగ్గరే. "పూర్వం మనవాళ్లు ఇవన్నీ ఉండే బతికారా?" అంటారు. పిల్లలు "నాన్న ఇష్టం" అని తప్పుకున్నారు. ఒప్పుకోవాలా, వద్దనాలా? వద్దంటే ఏం చెప్పి వద్దనాలి?

— ఒక సోదరి, వేటపాలెం

సలహా

అమ్మా, మీవారి కోరిక పిచ్చిదేమీ కాదు. అరవై దాటాక ఒక మనిషి తన సుఖం కోసం కాకుండా నేల కోసం ఏదైనా చేయాలనుకోవడం గౌరవించాల్సిన విషయం. కాబట్టి "వద్దు" అనే మాటతో మొదలుపెట్టకండి. అయితే ఆయన ప్రశ్నలను తలకిందులుగా పేర్చుకున్నారని నాకనిపిస్తోంది. గోడలు దేనితో కట్టాలి, కరెంటు ఎలా తెచ్చుకోవాలి అన్నవి ముందు పెట్టుకున్నారు. నిజానికి ఆ రెండూ తేలిక. ఎండు నేలలో ఇల్లు నిలుస్తుందా లేదా అని తేల్చేవి మరో రెండున్నాయి: నీళ్లు, మనుషులు. కరెంటు స్తంభం లేకుండా బతకవచ్చు. ఊరు లేకుండా బతకడం మాత్రం ఆ సీమలో చాలా కష్టం. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే ఉంటుంది.

ముందు ఆయన ఎక్కడ ఒప్పో చూద్దాం. ప్రపంచంలో విడుదలయ్యే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. అందువల్ల సిమెంటు తగ్గించాలన్న ఆలోచన సరైనదే. మట్టి ఇల్లు మీ తీరంలో కంటే అనంతపురం వైపు బాగా పనిచేస్తుందన్నది కూడా నిజం. మందపాటి మట్టి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకుని రాత్రి వదిలేస్తుంది. రాత్రి బయట చల్లబడితేనే ఆ లాభం దక్కుతుంది. ఎత్తయిన పొడి నేలలో రాత్రిళ్లు చల్లబడతాయి, వేటపాలెంలో సముద్రపు తేమ వల్ల అంతగా చల్లబడవు. అందుకే కోస్తాలో పెద్దలు గాలి ఆడే అరుగులు, తాటాకు చూరులు పెట్టుకున్నారు. రాయలసీమలో మందపాటి గోడల మీద దూలాలు, దంతెలు పరిచి చౌడు మట్టి మిద్దెలు వేసుకున్నారు. ఇక ఎండ విషయంలో ఆ ప్రాంతానికి లోటే లేదు. దేశంలోని పెద్ద సోలార్ పార్కుల్లో ఒకటి ఉమ్మడి అనంతపురంలోని నంబులపూలకుంటలోనే ఉంది. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి. ఇద్దరు మనుషుల ఇంటికి దీపాలు, ఫ్యాన్లు, చిన్న ఫ్రిజ్ నడవడానికి ఒకటిన్నర కిలోవాట్, దానికి తగ్గ బ్యాటరీ సరిపోతాయి. బ్యాటరీని కొన్నేళ్లకోసారి మార్చుకోవాలన్న ఖర్చు తప్ప ఇందులో పెద్ద చిక్కేమీ లేదు.

చిక్కంతా నీళ్ల దగ్గరే. మీవారు సైన్సు మాస్టారు కదా, ఈ లెక్క ఆయనతోనే వేయించండి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు అంటే సుమారు 93 చదరపు మీటర్లు. అనంతపురం ప్రాంతపు సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఆవిరైపోయేదీ కారిపోయేదీ తీసేస్తే కప్పు మీద నుంచి ఏడాదికి దాదాపు 40 వేల లీటర్లు దక్కుతాయి. కేంద్ర ప్రభుత్వపు జల్ జీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలని లెక్కగట్టింది. ఇద్దరికి ఏడాదికి అయ్యేదీ దాదాపు 40 వేల లీటర్లే. చూడగానే సరిపోయిందనిపిస్తుంది. కానీ అది సగటు ఏడాది లెక్క. ఆ సీమలో వాన సగటుగా పడదు. 350 మిల్లీమీటర్లే పడిన ఏడాది 26 వేల లీటర్లే వస్తాయి, అవి ఎనిమిది నెలలు కూడా రావు. మంచి ఏడాదిలోనైనా వాన నాలుగైదు నెలల్లో పడిపోతుంది. మిగతా కాలం గడవాలంటే 25 వేల లీటర్లు నిల్వ ఉండాలి. అంటే పదహారడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఏడడుగుల లోతు తొట్టి కట్టాలి. ఇందులో చుట్టాలకు, మొక్కలకు, గొడ్డుకు చుక్క కూడా లేదు. ఇల్లు కట్టేటప్పుడు మట్టి కలపడానికి, గోడలు తడపడానికి కావలసిన నీళ్లూ లేవు. ఇంకో సంగతి ఉంది. మట్టి మిద్దె వాన నీటిని తాను పీల్చుకుంటుంది, వదిలిన నీరు మట్టితో వస్తుంది. శుభ్రమైన నీళ్లు పట్టుకోవాలంటే కప్పు పెంకుతోనో, రేకుతోనో, గచ్చుతోనో ఉండాలి. ఆయన కోరుకునే మట్టి కప్పు, ఆయన కోరుకునే వాన నీళ్లు ఒకే ఇంటి మీద కుదరవు.

"బోరు వేయిస్తే సరి" అని ఆయన అనవచ్చు. 2002 నాటి వాల్టా (నీరు, నేల, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. అనుమతి వచ్చినా నీళ్లు వస్తాయన్న హామీ లేదు. ఆ జిల్లాలో ఒకదాని తర్వాత ఒకటి బోర్లు వేసి అప్పులపాలైన రైతుల కథ రాష్ట్రమంతా ఎరిగినదే. నీళ్లు పడినా చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. తాగేముందు పరీక్ష చేయించక తప్పదు. అనంతపురం పల్లెలకు తాగునీరు అందించడానికి 1990ల్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు అంత భారీ పథకం చేపట్టాల్సి వచ్చిందంటే ఆ నేల కింది నీటి పరిస్థితి ఏమిటో అర్థమవుతుంది. "ట్యాంకరు తెప్పించుకుందాం" అంటే, అప్పుడు మీ ఇల్లు ఎవరి మీదా ఆధారపడని ఇల్లు కాదు. డీజిలు బండి మీద, దాని డ్రైవరు మీద, నాలుగు కిలోమీటర్ల గుంతల దారి మీద ఆధారపడిన ఇల్లు.

"పూర్వం బతకలేదా?" అన్నది ఆయన గట్టి ప్రశ్న. బతికారు. ఎలా బతికారో చూడాలి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వరసగా చెబుతుంది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశారని రాసింది. బుక్కపట్నం, ధర్మవరం చెరువులూ అలాంటి సమష్టి శ్రమతో నిలిచినవే. ఎండు సీమలో నీళ్లు ఒక ఇంటితో అయ్యే పని కాదు. చెరువు తవ్వడం, పూడిక తీయడం, తూము దగ్గర వంతులు తేల్చుకోవడం ఊరంతా కలిసి చేసిన పనులు. పూర్వీకుల పేరు చెప్పి ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల ఒంటరిగా ఉండటం వాళ్లు నడిచిన దారికి విరుద్ధం.

మన కాలంలోనూ ఇదే రుజువైంది. ఉమ్మడి అనంతపురంలోని చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ దంపతులు మిత్రులతో కలిసి 32 ఎకరాల బీడు కొని టింబక్టూ కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. అక్కడ మట్టి, రాయితో ఇళ్లు కట్టుకున్నారు, సూర్యరశ్మితో దీపాలు వెలిగించుకున్నారు. మీవారి కలకు మన నేల మీద ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. అయితే వాళ్లు ముందు చేసింది నేలను మేత నుంచి, నిప్పు నుంచి కాపాడటం, వాన నీటికి కట్టలు వేయడం. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లతో కలిసి పొదుపు సంఘాలు, బడి, రైతుల సహకార సంఘం నడిపారు. ముష్టికోవెల దగ్గర కల్పవల్లి అనే వేల ఎకరాల అడవిని అక్కడి ఊళ్లే కాపాడుకున్నాయి. మోడువారిన కొండలు పచ్చబడింది ఒక ఇంటి వల్ల కాదు, ఊళ్లు కలిసి కాపలా కాయడం వల్ల. ఆ ప్రాంతంలో గాలిమరలు వచ్చినప్పుడు, వాటికోసం వేసిన రోడ్లు కొండ వాలులను, వాగుల దారులను దెబ్బతీస్తున్నాయని అభ్యంతరం చెప్పింది కూడా ఆ ఊళ్లవాళ్లే. ఎండతోనో గాలితోనో కరెంటు పుట్టినంత మాత్రాన పని పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు.

"విదేశాల్లో ఎడారిలో ఒంటరి ఇళ్లు కట్టలేదా?" అనీ ఆయన అడగవచ్చు. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని టావోస్ దగ్గర మైకేల్ రేనాల్డ్స్ అనే ఆర్కిటెక్టు పాత టైర్లలో మట్టి దట్టించి ఇళ్లు కట్టారు. వాన నీటినే పట్టి, వాడిన నీటితో మొక్కలు పెంచే ఇళ్లవి. లద్దాఖ్‌లో ఫే గ్రామం దగ్గర సోనమ్ వాంగ్‌చుక్ బృందం మట్టి గోడలతో, ఎండ వేడితోనే గదులు వెచ్చబడేలా బడి కట్టింది. రెండూ ఎత్తయిన ఎడారులే, రెండూ విజయాలే. కానీ టావోస్‌లో అలాంటి ఇళ్లు ఒక వాడగా ఉన్నాయి. లద్దాఖ్‌లో పిల్లలూ టీచర్లూ కలిసి ఉన్నారు. ఒకరి పంపు చెడితే మరొకరు చూసేవాళ్లున్నారు. ఆ రెండు చోట్లా ఆ భారం ఒంటరి వృద్ధ దంపతుల మీద పడలేదు.

ఇప్పుడు అసలైన ప్రశ్న. ఉన్న ఇల్లు అమ్మి కొత్తది కడితే ప్రకృతికి లాభమా? వేటపాలెం ఇంటికి ఖర్చవ్వాల్సిన ఇటుక, సిమెంటు, ఇనుము ఎప్పుడో ఖర్చయ్యాయి. ఎంత మట్టితో కట్టినా కొత్త ఇల్లు కొత్త భారమే. దానికి తోడు కొత్త దారి, కొత్త తొట్టి, బ్యాటరీలు, ప్రతి చిన్న పనికీ బండి ప్రయాణం. లైబ్రరీకి, కూరగాయలకు, డాక్టరుకు నడిచి వెళ్లగల జీవితం పర్యావరణం దృష్టిలో చాలా పొదుపైన జీవితం. ఆ పొదుపు మీకు ఇప్పుడే ఉంది. పైగా 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల పలకలకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. అది కరెంటు లైనుకు కలిపిన ఇళ్లకే, విడిగా ఉన్న ఇళ్లకు కాదు. వేటపాలెం ఇసుక నేల వాన నీటిని ఇట్టే ఇంకించుకుంటుంది. మీ కప్పు నీటిని గుంత తవ్వి ఆ ఇసుకలోకి పంపితే కింద ఉన్న మంచినీటి పొర బలపడి, సముద్రపు ఉప్పునీరు లోపలికి జరగడం తగ్గుతుంది. నేలకు చేసిన అపకారానికి ప్రాయశ్చిత్తం కావాలంటే, అది మీ వీధిలోనే మొదలుపెట్టవచ్చు.

అయినా ఆయన మనసు ఆ మెట్ట మీదే ఉంటే దారి మూసేయకండి, దశలు పెట్టండి. మొదటిది, కాగితాలు. చౌకగా వచ్చే మెట్ట భూముల్లో ప్రభుత్వం పేదలకిచ్చిన ఎసైన్డ్ భూములు ఉంటాయి. 1977 నాటి చట్టం వాటి అమ్మకాన్ని నిషేధించింది. తర్వాత సవరణలు వచ్చినా, ఆ సర్వే నంబరుకు అవి వర్తిస్తాయో లేదో తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోవాలి. అడంగల్, వన్ బీ, ఈసీ చూడాలి. 22ఏ నిషేధిత జాబితాలో ఆ నంబరు లేదని, రోడ్డు నుంచి పొలానికి దారి హక్కు ఉందని నిర్ధారించుకోవాలి. రెండోది, డబ్బు అడ్వాన్సుగా ఇవ్వకముందే ఆ ప్రాంతంలో ఊళ్లోనే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని మార్చి నుంచి జూన్ దాకా ఇద్దరూ ఉండండి. నీళ్లు ఎప్పుడు వస్తాయో, మీ మందులు ఎక్కడ దొరుకుతాయో, రాత్రి ఒంట్లో బాగాలేకపోతే ఎంతసేపట్లో ఆసుపత్రికి చేరగలరో అక్కడే తెలుస్తుంది. మూడోది, నచ్చితే ఊరిని ఆనుకుని ఎకరమో అరెకరమో చాలు. మొదటి రెండేళ్లు ఇల్లు కాదు, కట్టలు, నీటి గుంతలు, వేప, కానుగ, సీతాఫలం మొక్కలు. తర్వాత ఒక్క గది. దేనికీ వేటపాలెం ఇల్లు అమ్మకూడదు. ఖర్చు రిటైర్మెంటు డబ్బులో మూడో వంతు దాటకూడదు.

ఇవన్నీ ఆయనతో మాట్లాడేటప్పుడు మీ మోకాళ్ల నొప్పులను, షుగరును తక్కువ చేసి చెప్పకండి. అవి సాకులు కావు, ఇంటి నమూనాలో భాగం కావలసిన వాస్తవాలు. మే నెలలో నీళ్లెక్కడివి? రాత్రి పిలిస్తే పలికేదెవరు? మనిద్దరిలో ఒకరే మిగిలితే ఆ ఒకరు అక్కడ ఉండగలరా? ఈ మూడు ప్రశ్నలకు ఆయన్ను కాగితం మీద జవాబు రాయమనండి. మొదటి రెండింటికి డబ్బుతోనో తెలివితోనో ఏదో ఒక జవాబు దొరకవచ్చు. మూడోదానికి జవాబు ఊరే. పిల్లలనూ తప్పుకోనివ్వకండి. రేపు ఆ బాధ్యత పడేది వాళ్ల మీదే కాబట్టి ఈ మాటలు జరిగేటప్పుడు వాళ్లూ కూర్చోవాలి. వేసవి గడిచాక ఇద్దరికీ నచ్చితే ముందుకు వెళ్లండి. ఒక్కరికి నచ్చకపోయినా ఆగిపోండి. ఇద్దరు కలిసి బతకాల్సిన ఇంటికి ఒకరి ఇష్టం చాలదు.