కలేడియం చావలేదు, నిద్రపోయింది

ప్రశ్న: వానాకాలమంతా ఎర్రటి ఆకులతో కళకళలాడిన మా కలేడియం దీపావళి దాటాక వాలిపోయింది. నీళ్లు ఎక్కువ పోసినా లేవట్లేదు. పారేయాలా?

జవాబు: వద్దండీ. ముందు ఆ నీళ్లు ఆపండి. ఇది అమెజాన్ అడవుల మొక్క, మన చామదుంపకు చుట్టం. చలి మొదలవగానే ఆకులు రాల్చి దుంపలో నిద్రపోతుంది. అప్పుడు తడి తగిలితే కుళ్లుతుంది. మట్టి కెలికి దుంపను వేలితో నొక్కండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే, మెత్తగా జారితే ఆశ వదులుకోండి. గట్టి దుంపను ఆరబెట్టి, పొడి ఇసుకలో నీడన ఉంచండి. ఫ్రిజ్ చల్లదనం మాత్రం దీనికి పడదు. మార్చిలో కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపిన మట్టిలో 2 అంగుళాల లోతున నాటండి. మొలక కనబడేదాకా నీళ్లు పొదుపుగానే. అన్నట్టు, దుంప పట్టుకున్నాక చేతులు కడుక్కోండి, చామలాగే దురద పెడుతుంది.