ముందు మన ఊరికి చూపించు

వడ్లమూడి



నీ ఉత్తరం చేరింది. విశాఖలో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న దానివి, మొదటిసారి వాటిని మన ఊరి హాల్లో పెట్టాలంటే జంకుతున్నావు. ‘అక్కడ చూసేదెవరు తాతయ్యా’ అని రాశావు. ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు దుగ్గిరాల వైపు పసుపు కల్లాన్ని వాటర్ కలర్లో వేశాను. తెలిసినవాళ్ల వసారాలో ఇంకో నాలుగు బొమ్మలతో కలిపి పెట్టాను. ఆరబోసిన కొమ్ములు బంగారంలా మెరవాలని రంగు దట్టంగా పట్టించాను. చదువుకున్నవాళ్లంతా బాగుందన్నారు. ఓ ముసలి రైతు మాత్రం కర్ర ఆనించుకుని చాలాసేపు నిలబడి, ‘ఇవి ఉడకబెట్టి ఆరేసిన కొమ్ములేనా అబ్బాయ్? అట్లయితే ఇంత పచ్చగా ఉండవే. పైన మట్టిరంగు పొట్టుంటది. మెరుగు పట్టాక గదా పచ్చదనం తేలేది’ అన్నాడు. మర్నాడు తెల్లారకముందే కల్లానికి పోయి కూర్చున్నాను. ఆయన చెప్పిందే నిజం. కుప్పంతా గోధుమరంగు, బూడిదరంగు. కొమ్ము విరిగిన చోట మాత్రం నిప్పులాంటి నారింజ. ఆ విరిగిన ముక్కను చూడడం నాకు నేర్పింది ఆ పెద్దాయనే. నువ్వు వేసింది మన కాలవ గట్టూ, మన చేలూ, తెల్లారుజామున పాల క్యాన్లూ గదా. వాటిని రోజూ చేత్తో పట్టుకునేవాళ్ల కంటే బాగా నీ తప్పు పట్టగలిగేవాళ్లు హైదరాబాదులో ఎక్కడ దొరుకుతారు?

మన పక్కనే తుమ్మపూడి. సంజీవదేవ్ గారు హిమాలయాల్లో, కులూ లోయలో చిత్రకారుడు రోరిక్ గారి దగ్గర గడిపి వచ్చి కూడా ఆ ఊళ్లోనే ఉండి బొమ్మలు వేశారు, కళ గురించి రాశారు. 1999లో కన్నుమూసేదాకా తుమ్మపూడే ఆయన చిరునామా. కళాకారులూ రచయితలూ ఆయన్ని వెతుక్కుంటూ అక్కడికే వచ్చేవారు.

ఇంకో సంగతి. వచ్చిన ధరకల్లా బొమ్మలు ఇచ్చేయకు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1925లో మశూచితో పోయారు. 27 ఏళ్లు. అయినా ఈనాడు ఆ ఊళ్లో ఆయన గ్యాలరీకి పోయి బొమ్మల ముందు నిలబడగలుగుతున్నామంటే, భార్య సత్యవాణి గారూ, వరద వెంకటరత్నం గారి లాంటి స్నేహితులూ వాటిని చెల్లాచెదురు కానివ్వలేదు గనకే. నువ్వూ ప్రతి బొమ్మ వెనకా పేరు, తేదీ, కొలత రాయి. అమ్మితే ఎవరికి అమ్మావో నోట్‌బుక్కులో రాసుకో.

హాలుకి ఈమధ్యే సున్నం వేశారు, గోడ ఇంకా చెమ్మగా ఉంది. అలాంటి గోడకే ఆనించి పెట్టి ఒకసారి నా కాగితాలు రెండు బూజుపట్టి పోయాయి. అందుకని ఫ్రేము వెనక కింది మూలల్లో బెండు ముక్కలు అతికించు, గాలి ఆడుతుంది. కిటికీ ఎదురుగా అద్దం ఫ్రేములు వద్దు, బొమ్మకు బదులు కిటికీయే కనిపిస్తుంది. మరీ ఎత్తున కట్టకు. బడిపిల్లలు మెడలెత్తి చూడాల్సిన అవసరం రాకూడదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఒకటుంది. సెంటర్లో బోర్డులు రాసే మీ మావయ్య, ఫ్లెక్సీలు వచ్చాక కుంచె అటకెక్కించాడు. కిందటి వారం వాళ్లింటికి పోతే పాత రేకు మీద వేసిన ఎద్దుల జత చూపించాడు. ఆ గిట్టల దగ్గర ఒక్క గీత చెయ్యెత్తకుండా లాగాడు, అమ్మడూ. నీకు అది ఇంకా రాలేదు. దాన్నీ హాల్లో పెడదామంటే ‘చదువుకున్న పిల్లల పక్కన నాదేంటి బాబాయ్’ అని ముడుచుకుపోతున్నాడు. వాడికి మూల ఇవ్వొద్దు, గుమ్మానికి ఎదురుగోడ ఇద్దాం. ఆ మాట నేను చెబితే వినడు, నువ్వు ఫోన్ చేసి అడుగు.

బెండు ముక్కలు తెనాలిలో కొని ఉంచాను. పురికొస, మేకులు ఇంట్లో ఉన్నాయి. నువ్వు బొమ్మలు మాత్రం చుట్టకుండా, అట్టల మధ్య పెట్టుకుని రైలెక్కు. తెనాలి స్టేషనుకి ఆటో తీసుకుని వస్తాను.

మీ తాతయ్య