చేరుట, అందుట, ముట్టుట: లేఖావ్యవహార క్రియలపై ఒక విచారణ

మాదాపూరునందు సైబర్ టవర్స్ భవనము 1998వ సంవత్సరమున ప్రారంభమైనది. తరువాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో వెలసిన కార్యాలయములందు మన పూర్వవిద్యార్థులు కొందరు తెలుగు అనువాదకులుగా పనిచేయుచున్నారు. వారిలో ఒకడు కొంతకాలము క్రిందట నా యొద్దకు వచ్చి, "గురువుగారూ, మెయిల్ విషయంలో రిసీవ్ అన్నదానికి 'స్వీకరించు' అని వేస్తున్నామండీ, సరేనా?" అని అడిగెను. సరియే అంటిని. ఆ సమాధానము తొందరపాటని పిమ్మట తెలిసినది. దానిని దిద్దుకొనుటకే ఈ వ్యాసము.

ముందుగా ఒక మాట. మెయిలు, పోస్టు, పార్సిలు, కొరియరు వంటి నామములు తెలుగున చొరబడినవని నాకు చింత లేదు. లేఖావ్యవహారమున అన్యదేశ్యములు మనకు క్రొత్తవి కావు. చిరునామా పారసీకము నుండి వచ్చినది. తపాలా మరాఠీ టపాల్ శబ్దమునకు తోబుట్టువు. జాబు అరబ్బీ జవాబునకు రూపాంతరము. ఇందొక విచిత్రమున్నది. జవాబనగా బదులు, సంస్కృతమున ఉత్తరమనగా కూడ బదులే. రెండు భాషల నుండి బదులను అర్థముగల పదములనే తెచ్చుకొని, తెలుగువారు రెంటిని లేఖకు పేర్లుగా పెట్టుకొనిరి. ఎవరికిని బదులు చెప్పక మొట్టమొదట వ్రాయువాడును మనభాషలో ఉత్తరమే వ్రాయును! అందుచేత నిజమైన బదులునకు ప్రత్యుత్తరమను పదము కావలసివచ్చినది. ఆంగ్లమునను ఇట్లే జరిగినది. మెయిల్ అనునది పూర్వము సంచికి పేరు. సంచి పేరు అందలి లేఖలకు సంక్రమించినది. కావున "మెయిలు పెట్టాను" అను వాక్యము విని భాష చెడినదని విలపింప నక్కరలేదు. నామము పరాయిదైనను క్రియ మనది. కార్డు వేయుదుము, ఉత్తరము వ్రాయుదుము, మనియార్డరు చేయుదుము, మెయిలు పెట్టుదుము. చెడినచో క్రియల యొద్దనే చెడును.

ఆంగ్లమున రిసీవ్ అను ఒక్క క్రియ చేయు పనికి తెలుగున కనీసము మూడు క్రియలు కలవు. చేరుట స్థలమునకు సంబంధించినది. అందుట చేతికి సంబంధించినది. ముట్టుట ముఖ్యముగా పైకమునకు సంబంధించినది. రసీదులలో "రూపాయలు ముట్టినవి" అనియే వ్రాయుదుము గాని "చేరినవి" అని సరిపెట్టుకొనము. పోస్టుమాన్ మనియార్డరు పైకమును చేతిలో పెట్టి సంతకమో వేలిముద్రయో తీసికొన్నప్పుడది ముట్టినది. "ఉత్తరం ఊరు చేరింది గాని నాకు అందలేదు" అను వాక్యమున ఏ విరోధమును లేదు. ఇక స్వీకరించుట ఈ మూటికంటెను భిన్నము. తనది కానిదానిని తనదిగా చేసికొనుట దాని ధాత్వర్థము. అందు గ్రహీత సమ్మతి యున్నది.

ఈ భేదము పండితుల కాలక్షేపము కాదని నాకు నేర్పినవారు నాతో పాఠశాలలో చదివిన ఒక మిత్రుడు. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు. పింఛనునకై ఒక పత్రమును గడువులోగా సమర్పింపవలెనని ఒక కార్యాలయమువారు ఆయనకు ఈమెయిలు పంపిరి. ఆ చిరునామా మనుమడు ఏర్పరచినది. దానిని తెరచుట ఆయనకు తెలియదు. రెండు నెలలు పింఛను ఆగినది. తనకేమియు అందలేదని ఆయన వ్రాయగా, "మీరు ఫలానా తేదీన స్వీకరించినారు" అని తెలుగుననే బదులు వచ్చినది. ఆ కాగితమును నా చేతబెట్టి, "నేనెప్పుడు స్వీకరించానురా?" అని ఆయన అడిగెను. నేను సరియే అన్న పదమే అది.

చట్టదృష్టితో ఆ కార్యాలయమువారి లెక్క తప్పు కాకపోవచ్చును. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 13వ విభాగము ప్రకారము, వేరు ఒప్పందము లేనిచో, గ్రహీత నిర్దేశించిన కంప్యూటరు వ్యవస్థలో లేఖ ప్రవేశించిన సమయమే అది అందిన సమయము. అతడు చూచెనా, చదివెనా అను ప్రశ్న అక్కడ లేదు. ఇది తెలుగున స్పష్టముగా చేరుటయే. చట్టము చేరుటను చెప్పగా మనము స్వీకరించుటగా అనువదించినచో, చట్టము మోపని నేరమును అనువాదకుడు మోపినవాడగును.

దోషమెక్కడ? కారకమున. "లేఖ చేరినది" అన్నచో కర్త లేఖ. "ఆయనకు అందినది" అన్నను కర్త లేఖయే, ఆయన సంప్రదానము వంటివాడు. "ఆయన స్వీకరించెను" అన్నచో ఆయనయే కర్త. కర్త స్వతంత్రుడని పాణినీయము. ఏమియు చేయని వృద్ధుని స్వతంత్రుని చేయుట ఎట్లు? సంప్రదానమును భర్తృహరి మూడు విధములుగా చెప్పెను: అడిగి పుచ్చుకొనువాడు, ఇచ్చునపుడు సమ్మతించువాడు, కేవలము నిరాకరింపనివాడు. మూడవదానికి అర్ఘ్యమందుకొను సూర్యుడు ఉదాహరణమని పాఠశాలలో చెప్పుకొంటిమి. సూర్యుడు కాదనడు, ఔననడు. నా మిత్రుడు సరిగా ఆ కోటిలోనివాడు. ఆయనను రెండవ కోటిలో చేర్చి పింఛను ఆపిరి.

పూర్వవిద్యార్థిని పిలిపించి నా మాటను వెనుకకు తీసికొంటిని. లేఖ యంత్రమునకు వచ్చినచో "చేరినది", గ్రహీత తెరచినచో "చూచినారు", పైకమైనచో "ముట్టినది" అని వేయవలెననియు, గ్రహీత తానై ఒప్పుకొన్న చోటనే "స్వీకరించినారు" అనవలెననియు చెప్పితిని. అతడు కొంతసేపు ఆలోచించి, "తెర మీద చోటు తక్కువండీ. 'స్వీకరించబడినది' అంటే ఎనిమిది అక్షరాలు, ఎప్పుడూ ఇరుక్కుపోయేది. 'చేరినది' నాలుగే, హాయిగా పడుతుంది" అనెను. నేను శాస్త్రము చెప్పితిని. అతనికి నచ్చినది కొలత.